మేడారంలో అక్క కాంటా ఎక్కిన రోజు

మొక్కు మొక్కుకున్నది మా బావ. మొక్కింది మా అక్క కోసం. తీర్చడానికి మాత్రం నన్ను పిలిచారు. కార్తీకంలో ఒక ఆదివారం పొద్దున్నే బావ ఫోన్ చేశాడు. గొంతు నిండా దసరా పండగంత సంబరం. "సరితా, మీ అక్క మల్ల ఎనుకటి లెక్క అయింది పిల్లా! పెయ్యి పట్టింది. ఇగ మేడారం పోయి మొక్కు అప్పజెప్పాలె. నాకేమో ఆర్డర్ ఉన్నది, లూమ్‌లు ఆపితే సేటు ఊకోడు. నువ్వొచ్చి తోల్కపో" అన్నాడు. సరే అన్నాను. అక్కతో ఒక రోజంతా గడిపి ఎన్నాళ్లయిందో.

బావకు మడికొండలో నాలుగు పవర్‌లూమ్‌లు. అక్క వినోద వాటికి నూలు కండెలు చుట్టేది, ఆయన మగ్గాలు నడిపేవాడు. పోయినేడు అక్కకు పేగు మెలికపడి ఆపరేషన్ చేశారు. అది మానకముందే చీము పట్టి మళ్లీ కోశారు. ఆ దవాఖాన వరండాలో కూర్చుని బావ, "అమ్మా సమ్మక్కా, తల్లీ సారలమ్మా, నా పెండ్లాం బతికి బట్టకడితే ఆమె నిలువెత్తు బంగారం మీకు తెచ్చిస్త" అని మొక్కాడు. మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు కానీ, దూరం నుంచి చదివేవాళ్ల కోసం చెబుతున్నాను. మేడారంలో బంగారమంటే బెల్లం. మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం తూచి అమ్మల గద్దెల దగ్గర పెట్టడం నిలువెత్తు బంగారం. అక్కడికి పోయి పొరపాటున కూడా బెల్లం అనకండి, పక్కవాళ్లు మిమ్మల్ని వింతగా చూస్తారు.

అక్క బతికింది. రిపోర్టులన్నీ బాగున్నాయని డాక్టర్లు ఇంటికి పంపారు. కానీ మనిషి సగమై వచ్చింది. బావకు అక్కడ పట్టుదల మొదలైంది. తను మొక్కినప్పుడు అక్క నిండు మనిషి, ఇప్పుడు సగం మనిషిని తూచి సగం బంగారం ఇస్తే అమ్మలను మోసం చేసినట్టు కాదా? అందుకని ఎనుకటి బరువు వచ్చేదాకా మొక్కు ఆపాడు. ఆన్‌లైన్‌లో కాంటా తెప్పించాడు. రోజూ రెండు గుడ్లు, పాలల్లో బాదంపొడి, ఆదివారం ఆదివారం తూకం. ప్రేమకు తక్కువ లేదు, తెలివికే కొంచెం కరువు. ఆ మాట ఆయన ముఖం మీదే అంటాను, ఆయనేమీ అనుకోడు.

నేను కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ వాళ్లకు యోగా నేర్పుతాను. నాకు ఓపిక తక్కువ. యోగా నేర్పేదానికి ఓపిక తక్కువేమిటని నవ్వకండి, డాక్టర్లకు జ్వరం రాదా? మేడారం పోవాల్సిన ముందురోజు మధ్యాహ్నం క్లాసులకు సెలవు చెప్పి సికింద్రాబాద్‌లో రైలెక్కాను. కాజీపేట రెండు గంటల దారి. జనరల్ టికెట్ వంద లోపే, కూర్చునే సీటు ముందే బుక్ చేసుకుంటే ఇంకాస్త ఎక్కువ. కాజీపేట స్టేషన్ బయట మడికొండకు ఆటోలు ఎప్పుడూ ఉంటాయి. షేర్ ఆటో ఎక్కితే ఇరవై రూపాయలు, సామాను ఉందని ఒంటరిగా తీసుకున్నందుకు నా దగ్గర నూటయాభై లాగాడు. కొత్త అపార్ట్‌మెంట్లు, వాటి మధ్యలో ఇంకా మిగిలిన పత్తి చేలు, అన్నిటి మీదా సాయంత్రం పొగ. మా అక్క వాళ్ల వీధి మలుపు తిరగగానే మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. మా పుట్టింట్లోనూ మగ్గాలే, చిన్నప్పుడు ఆ చప్పుడులోనే నిద్రపోయేవాళ్లం. అది ఆగితేనే మెలకువ వచ్చేది.

అక్క తలుపు తీసింది. ఎనుకటి లెక్క అయిందట! చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. మెడ కింద రెండు గుంటలు. నవ్వింది కానీ ఆ నవ్వు ముఖమంతా రాలేదు. బావ మాత్రం పెళ్లికొడుకులా తిరుగుతున్నాడు. "సూడు పిల్లా, రెండు నెలలల్ల ఎంత పెరిగిందో! పోయిన ఆదివారం సూస్తే సరిగ్గా ఎనుకటి బరువే" అని కాంటా వైపు చెయ్యి చూపించాడు. మంచం కింద దాన్ని పసుపు బట్టతో కప్పి పెట్టాడు, దేవుడి పటాన్ని పెట్టినట్టు. అన్నం దగ్గర అక్క పళ్లెం వైపు చూస్తూ బుక్కబుక్కకూ నీళ్లు తాగింది. బావ ఆ బుక్కలు లెక్కపెడుతున్నట్టు కూర్చున్నాడు. అక్కను నేనేమైనా అడిగితే "ఆఁ", "ఊఁ" తప్ప మాట లేదు. మా అక్క అలాంటి మనిషి కాదండీ. కండెలు చుడుతూ చుడుతూ వాడకట్టు ముచ్చట్లన్నీ చెప్పే మనిషి. ఆ రాత్రి పడుకుంటూ, ఒంటికి పట్టిన బరువు కంటికి ఎందుకు కనబడట్లేదు అనుకున్నాను. సూటిగా అడగడానికి మాత్రం భయపడ్డాను. మళ్లీ ఏదైనా జబ్బేమో అనే భయం.

తెల్లారుజామునే కారు వచ్చింది. డ్రైవర్ యాకయ్య బావకు తెలిసినవాడు, పోను రాను మూడున్నర వేలకు మాట్లాడాడు. బస్సులో పోవాలనుకుంటే హనుమకొండ బస్టాండ్ నుంచి ములుగు మీదుగా తాడ్వాయి బస్సులు దొరుకుతాయి, అక్కడినుంచి ఆటో. ఖర్చు బాగా తక్కువ, టైం మాత్రం రెట్టింపు. జబ్బు పడి లేచిన మనిషితో అయితే కారే నయం. బయలుదేరేటప్పుడు బావ కిటికీ దగ్గరికి వచ్చి, "వినోదా, కాంటా ఎక్కంగనే ఫోన్ చెయ్యి, ఎంతున్నదో నాకు జెప్పు" అన్నాడు. అక్క తల ఊపింది, చేత్తో నడుం పట్టుకుని.

హనుమకొండ దాటాక మంచు పట్టుకుంది. రోడ్డుకు ఒకవైపంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి, మిగిలిన సగంలో అందరూ ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ నెమ్మదిగా పోతున్నారు. మంచులోంచి ఒక బర్రె, ఒక స్కూటరు, నెత్తిన మూటతో ఒకావిడ, ఒక్కొక్కరు పుట్టుకొచ్చినట్టు వచ్చి మళ్లీ కరిగిపోతున్నారు. కారు నడుస్తోందో, మేము నిలబడి ఉంటే చేలే వెనక్కి పోతున్నాయో తెలియని మగత. నేను తల వాల్చి అక్క భుజం మీద పెట్టాను. చిన్నప్పుడు ఆ భుజం మెత్తగా ఉండేది, ఇప్పుడు ఎముక గుచ్చుకుంది. గతుకు వచ్చినప్పుడల్లా ఎక్కడో ఇనుప ముక్కలు ఒకదానికొకటి తగిలినట్టు చిన్న చప్పుడు. యాకయ్య చెవి రిక్కించాడు.

"నిన్ననే సర్వీసింగ్ చేపిచ్చిన అక్కా. ఏం చప్పుడో సమజైతలేదు" అన్నాడు.

"ఊకో అన్నా, పాత రోడ్డు" అంది అక్క గబుక్కున. పొద్దున్నుంచి అదే ఆమె మొదటి పూర్తి మాట.

ములుగు దగ్గర గట్టమ్మ గుడి వచ్చింది. మేడారం పోయే బండి ఏదైనా సరే అక్కడ ఆగాలి. ఆ తల్లికి చెప్పకుండా అడవిలోకి పోరు. కొబ్బరికాయ ముప్పై రూపాయలు, పక్కనే చాయ్ పది. యాకయ్య బండి ముందు నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. నేను కాయ కొట్టి వెనక్కి చూస్తే అక్క నిలబడే దండం పెడుతోంది. ముసలివాళ్లు సైతం నేలకు తల ఆనిస్తుంటే ఈమె వంగడం లేదు. కుట్లు నొప్పా అని అడిగాను. "కాదు" అంది. మరేమిటి? చాయ్ సగం తాగి పారబోసింది. నాకు ఒళ్లు మండింది. కానీ గట్టమ్మ ముందు ఏమంటాం, నోరు మూసుకున్నాను.

పస్రా దాటి లోపలికి తిరిగాక అసలు అడవి. ఆ దారి గురించి ఎంత చెప్పినా తక్కువే. టేకు ఆకుల మీద మంచు నిలిచి, ఎండ ఇంకా కిందికి దిగక, చెట్ల మధ్య తెల్లటి పొర ఒకటి తేలుతూ ఉంటుంది. కిటికీ అద్దం దించితే తడి మట్టి వాసన, ఎక్కడో కట్టెలు కాలుతున్న వాసన. ఫోన్‌లో సిగ్నల్ వచ్చి పోతుంటుంది. జాతరప్పుడు ఇదే దారిలో చీమ దూరే సందు ఉండదు. ఉత్త రోజుల్లో వెళితే అడవి మీతో మాట్లాడుతుంది. నా క్లాసులో కళ్లు మూసుకోండి, ఊపిరి గమనించండి అని రోజూ చెబుతాను. ఆ దారిలో ఎవరూ చెప్పకుండానే నా ఊపిరి నాకు వినిపించింది. అక్క ఊపిరి కూడా వినిపించింది. అది మాత్రం బరువుగా ఉంది.

తొమ్మిది దాటుతుండగా జంపన్నవాగు చేరాం. గద్దెలకు పోయే ముందు అక్కడ స్నానం చేయడం ఆనవాయితీ. జాతర లేని ఉత్త రోజు కాబట్టి నలుగురైదుగురు తప్ప ఎవరూ లేరు. నీళ్లు మోకాటి లోతు, అడుగున ఇసుక రేణువులు కనిపించేంత తేట. బట్టలు మార్చుకునే గదులు ఒడ్డునే ఉన్నాయి. నేను చీర కుచ్చిళ్లు ఎత్తి చెక్కి నీళ్లలోకి దిగిపోయాను, చల్లదనానికి పళ్లు టకటకలాడాయి. అక్క మెట్ల మీదే కూర్చుంది.

"దా అక్కా, మునుగుదాం."

"నేను రానే. నువ్వు మునిగిరా."

"ఎందుకు రావు? ఇంత దూరం వచ్చి వాగుల కాలు పెట్టవా?"

"మునుగుత గని… మునిగితే లేవనేమో" అంది.

చావు మాట మాట్లాడుతోందనుకున్నాను. నీళ్లు చిమ్ముకుంటూ మెట్ల మీదికి పరిగెత్తి ఆమె రెండు భుజాలు పట్టుకున్నాను. పట్టుకున్నప్పుడు నా చేయి ఆమె నడుముకు తగిలింది. ఏదో గట్టిగా, చల్లగా. "ఇదేందే?" అన్నాను. అక్క చుట్టూ చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని బట్టలు మార్చుకునే గదిలోకి తీసుకుపోయింది. చీర కింద నడుముకు ఒక గుడ్డ సంచి, దట్టీలా బిగించి కట్టుకుని ఉంది. విప్పి నేల మీద పెడితే ఠంగుమంది. లోపల ఇనుప ముక్కలు. మగ్గం వెనక పడుగు బిగువుగా ఉండడానికి వేలాడదీస్తారే, ఆ బరువులు. బావ మగ్గాలవే.

అక్కే చెప్పింది, గోడ వైపు చూస్తూ.

"దవాఖానల రోజు తూకమేస్తుండె. రోజు తగ్గుడే. డాక్టరమ్మ నా దిక్కు చూడకపోయేది, ఆ నంబర్ దిక్కే చూసేది. నంబర్ తగ్గితే అందరి మొఖాలు మాడిపోతుండె. ఇంటికచ్చినంక మీ బావ గూడ గదే జేసిండు. కాంటా కనబడితే చాలు సరితా, బుక్క లోపటికి పోదు. ఒకసారి నంబర్ తగ్గిందని ఆయన ఆ పూట అన్నం తినలే. నాకు పానం ఆగలే. మల్లచ్చే ఆదివారం ఒక ముక్క బొడ్లె దోపుకున్న. ఎంత సంబరపడ్డడో! గట్ల మొదలైంది. వారానికొకటి పెంచుకుంట వచ్చిన."

"ఓసి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! మరి ఇయ్యాల గూడ కట్టుకొని వచ్చినవా? అమ్మల కాడికి?"

"తియ్యకపోతె మోసం. తీస్తె నంబర్ పడిపోతది, ఆయన పానం పోతది. గట్టమ్మ కాడ వంగుదామంటె సంచి ఒత్తుకున్నది, వంగనియ్యలే. తల్లికి తెలిసిపోయిందనుకున్న. ఇనుము పెట్టుకొని తూకం ఎక్కితె అమ్మలు నన్ను మల్ల దవాఖానకే పంపుతరు. నాకు భయమైతాంది చెల్లే. పోదాం పా, ఇంటికి పోదాం." అని నా చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే కోపం కూడా వచ్చింది. ఎవరి మీదని రావాలి? బావ మీదా? ఆయన ప్రేమించాడు. డాక్టరమ్మ మీదా? ఆవిడ పని ఆవిడ చేసింది. నాకు అర్థమైంది ఒక్కటే. ఈ రోజు ఇలాగే వెనక్కి పోతే, అక్క ఇంకో ముక్క పెంచుకుంటుంది, తిండి ఇంకో బుక్క తగ్గిస్తుంది. బావ ఆ ఇనుమును చూసుకుని మురుస్తుంటే మనిషి మనకు దక్కకుండా పోతుంది. అందుకే ముందు ఇనుము సంగతి చూశాను. సంచి మూటగట్టి తీసుకెళ్లి కారు డిక్కీలో పెట్టాను. యాకయ్య అది చూసి, "గిదా చప్పుడు!" అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. బండి బాగుందని తెలిసి ఆ మనిషికి ఎంత నెమ్మదో, ఇంకేమీ అడగలేదు.

తర్వాత ఇద్దరం వాగులో మునిగాం. అక్క మొదటిసారి మునిగి లేచినప్పుడు కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. రెండోసారికి కళ్లు తెరిచింది. మూడోసారి మునిగి ఎంతకూ లేవకపోతే నేను జుట్టు పట్టుకుని లాగాను. "ఏ, ఇడువే! మంచిగున్నది నీళ్లల్ల" అని విసుక్కుంది. ఆ విసుగు విని నాకు ప్రాణం లేచి వచ్చింది. అది పాత అక్క గొంతు.

గద్దెలకు పోయే దారిలో బంగారం దుకాణాలు వరసగా ఉంటాయి. దిమ్మలు పేర్చి, పక్కన పెద్ద ఎలక్ట్రానిక్ కాంటా పెట్టుకుంటారు, మనిషి నిలబడేంత పలకతో. ఆ రోజు కిలో అరవై చెప్పారు. ఎక్కువ తీసుకుంటే కాస్త తగ్గిస్తారు, బేరం ఆడడానికి మొహమాటపడకండి. మేము పోయిన దుకాణం సారక్క అనే ఆవిడది. కాంటాకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ తిప్పి, "దండం పెట్టుకొని ఎక్కు బిడ్డా" అంది అక్కతో.

అక్క చెప్పులు విడిచింది. పలక ముందు నిలబడింది. ఎర్రటి అంకెలు సున్నా మీద మెరుస్తున్నాయి. ఆమె కాలు ఎత్తి మళ్లీ నేల మీదే పెట్టింది. "నాతోని కాదే" అంది. వెనక ఇంకో కుటుంబం వచ్చి నిలబడింది. సారక్క చేతిలో కాయ అలాగే ఉంది. నేను ఊపిరి పీల్చుకోండి వదలండి అని చెప్పే మనిషిని. ఆ క్షణంలో ఆ పాఠాలేవీ గుర్తు రాలేదు. చెప్పులు విడిచి నేనే ముందు కాంటా ఎక్కాను. ఎక్కి అక్క చెయ్యి పట్టి లాగాను.

"ఏయ్, ఏయ్, ఒకల తర్వాత ఒకలు ఎక్కాలె! ఇద్దరెక్కితె ఎట్ల?" అని అరిచింది సారక్క.

"నేను గూడ మొక్కిన."

"నువ్వేం మొక్కినవ్?"

"మా అక్క నాతోని మల్ల ముచ్చట పెట్టాలె అని మొక్కిన" అన్నాను. అప్పటికప్పుడు మొక్కాను, అయినా అది అబద్ధం కాదు.

సారక్క ఒక నిమిషం మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అక్కచెల్లెండ్లు మీరు మీరు ఎట్లన్న తూగుండ్రి. ఎక్కువిస్తె అమ్మలు వద్దంటరా ఏంది? గని పలక చిన్నగున్నది, పడుదురు, దగ్గరికి జరుగుండ్రి" అంది. అక్క ఒక కాలు పెట్టింది. రెండో కాలు పెట్టింది. ఇరుకుగా ఉందని నన్ను నడుం చుట్టూ పట్టుకుంది. తడి జుట్టు నా మెడకు తగులుతోంది. ఆమె గుండె కొట్టుకోవడం నాకు తెలుస్తోంది. అంకెలు పరుగెత్తి పరుగెత్తి ఒక చోట ఆగాయి. పెద్ద అంకె. అందులో అక్క ఎంత, నేనెంత, ఎవరికీ తెలియదు. నా బరువు నాకు తెలుసనుకోండి, మీకెందుకు చెబుతాను?

అక్క ఆ అంకె వైపు చూసింది. చాలా సేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "అందుల ముప్పావు నువ్వే ఉన్నవ్" అంది.

నవ్వు తన్నుకొచ్చింది. ఇద్దరం ఆ పలక మీదే నిలబడి నవ్వాం. కాంటా ఊగి అంకెలు మళ్లీ పరుగెత్తడం మొదలుపెట్టాయి. "ఊగకుండ్రి, ఊగకుండ్రి! తూకం తప్పుతాంది" అని సారక్క మొత్తుకుంది. వెనకున్న కుటుంబం కూడా నవ్వింది. యాకయ్య రెండు సంచుల నిండా బంగారం మోసుకుంటూ, గద్దెల దగ్గరికి తోసుకుపోయే ట్రాలీ దాకా నాలుగుసార్లు తిరిగాడు. తిరిగినప్పుడల్లా, "ఒక్కల మొక్కే అన్నరు గదక్కా" అని గొణిగాడు.

గద్దెల దగ్గర ఎత్తైన వెదురు, చెట్లు, వాటికి కట్టిన ఎర్ర గుడ్డలు. విగ్రహాలేవీ ఉండవు. పసుపు, కుంకుమ, బంగారం కలిసిన ఒక తియ్యటి వాసన అక్కడి గాలిలోనే నిలిచిపోయినట్టు ఉంటుంది. ఒక పూజారి మా బంగారం తీసుకుని, అందులోంచి కొంత ప్రసాదంగా మాకే తిరిగి ఇచ్చాడు. ఈసారి అక్క మోకాళ్ల మీద కూర్చుంది, నుదురు నేలకు ఆనించింది. ఎంతసేపు ఉందో నేను చూడలేదు, నేనూ కళ్లు మూసుకున్నాను. ఆకుల్లో గాలి పోతున్న చప్పుడు. పక్కన ఎవరో పిల్లలు. నిద్ర కాదు, మెలకువా కాదు. వెళ్లాలనిపించలేదు.

బయటికి వచ్చాక సిగ్నల్ దొరికింది, వెంటనే ఫోన్ మోగింది. బావే. స్పీకర్ పెట్టాను. "ఎక్కిందా? ఎంతున్నది?" అన్నాడు, హలో కూడా అనకుండా. నేను నోరు తెరిచేలోపే అక్క ఫోన్ లాక్కుంది.

"ఎంతున్నదో అమ్మలకెరుక. అందుల నాదెంతనో నాకు తెల్వది. ఇగో, ఒక మాట చెప్తాన్న, ఒర్రకుండ ఇను. నేను బరువు పెరుగలే. ఇన్ని రోజులు మగ్గం బరువులు నడుముకు కట్టుకొని నీ కాంటా ఎక్కిన."

అవతల మగ్గాల చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత బావ గొంతు వచ్చింది.

"అందుకేనా మూలకున్న లూమ్ మీద బట్ట వదులొస్తాంది? నెలసంది పడుగు పోసేటోళ్లను తిడ్తాన్న గదనే నేను!"

అక్క ఫక్కున నవ్వింది. అటు బావ నవ్వలేదు. ఏడుస్తున్నాడని మాకు కాస్త ఆలస్యంగా తెలిసింది. "నా ముంగట తినలేకపోయినవా వినోదా? నేను నిన్ను గంత భయపెట్టిన్నా?" అన్నాడు. అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆయన మళ్లీ, "ఏమన్న తిన్…" అని, మాట మధ్యలోనే ఆపుకుని, "వద్దుతియ్. అడుగ. ఇగ ఎన్నడడుగ" అన్నాడు.

"అడుగు" అంది అక్క. "ఆకలైతాంది."

మేడారంలో ఉత్త రోజుల్లో పెద్ద హోటళ్లేమీ తెరిచి ఉండవు. గద్దెల నుంచి వచ్చే దారిలో ఒక రేకుల షెడ్డు కింద ఒకావిడ వండుతోంది. అన్నం, పప్పు, పచ్చిపులుసు, కోడికూర కావాలంటే వేరే. భోజనం ఎనభై. అక్క పళ్లెం ముందు కూర్చుని పచ్చిపులుసు పోసుకుని కలిపింది. నేను కావాలనే ఫోన్ చూస్తూ కూర్చున్నాను, కంటి కొసతో కూడా చూడలేదు. కాసేపటికి "అవ్వా, జర ఇంకింత పులుసు పొయ్యి" అన్న మాట వినిపించింది. వండిన అవ్వ, "పుల్లగైందా బిడ్డా?" అంటే, "పుల్లగనే మంచిగున్నది" అంది అక్క. తిరుగు ప్రయాణంలో నా ఒళ్లో తల పెట్టుకుని తాడ్వాయి నుంచి ములుగు దాకా ఒక్క క్షణం ఆపకుండా మాట్లాడింది. వాడకట్టులో ఎవరి కోడలు ఎవరితో మాట్లాడడం లేదో నాకిప్పుడు అన్నీ తెలుసు. మంచు విడిపోయి ఎండ పడ్డ అడవి బంగారు రంగులో వెనక్కి పోతుంటే ఆ ముచ్చట్లు వింటూ నేనే నిద్రపోయాను.

ఒళ్లు వేరు, మనసు వేరు, లోపలి ప్రాణం వేరన్నట్టు ఒక్కోదానికి ఒక్కో గంట కేటాయించి నేర్పే పని నాది. అక్క ఒంటికి కుట్లు మానాయి, అది డాక్టర్ల చలవ, వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. కానీ భయం కడుపులో కూర్చుంటే మానిన పేగు కూడా బుక్కను లోపలికి రానివ్వదు. ఆ భయం ప్రేమ రూపంలో వస్తే దాన్ని పొమ్మనడం ఇంకా కష్టం. అక్క ఆ రోజు దేవతల ముందు వంగగలిగింది, మొగుడి ముందు నిజం చెప్పగలిగింది, ఆ తర్వాత ఆమెకు ఆకలేసింది. వీటిలో ఏది ఒంటిది, ఏది మనసుది అని ఎవరైనా అడిగితే నాకు తెలియదు. మొన్న ఫోన్ చేస్తే అక్క ఎత్తలేదు. బావ ఎత్తి, "కండెలు చుడుతాంది, చేతులు ఖాళీ లేవు, మల్ల చెయ్యి" అన్నాడు. నాకు కోపం రాలేదు.

మేడారం వెళ్లేవాళ్లకు ఒక్క మాట. మొక్కు తీర్చేది జబ్బుపడి లేచిన మనిషైతే, తూచే ముందు దుకాణం వాళ్లతో మెల్లగా చెప్పి అంకెలు కనిపించే పెట్టెను వాళ్లవైపు తిప్పుకోమనండి. చెబితే వింటారు. అయినా ఆ మనిషి కాలు ఎత్తలేకపోతే, ఆ పలక మీద ఇరుగ్గానైనా ఇద్దరికి చోటుంటుంది. ఎక్కండి.